అయ్యగారిని ప్రశ్నిస్తే దేవుణ్ణి ఎదిరించినట్టేనా?

ఈ వారం అందిన ఉత్తరం ఆరు పేజీలది. రాసినావిడ తన పేరు గానీ, సంఘం పేరు గానీ బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు నలభై ఒక్కేళ్లు. పద్నాలుగేళ్లుగా ఒకే సంఘంలో ఉన్నారు. భర్త ఆ సంఘ పెద్దల్లో ఒకరు. గాయక బృందాన్ని ఆమె నడుపుతారు, స్త్రీల కూడిక బాధ్యత కూడా ఆమెదే. మూడు కుటుంబాలతో ఒక ఇంటి ముందు గదిలో మొదలైన ప్రార్థన పాస్టర్ గారి కష్టం వల్లే పెద్ద మందిరమైందని మొదటి పేజీలోనే రాశారు. తమ బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ తమ పక్కన కూర్చున్నది ఆయనేనట.

మిగతా అయిదు పేజీల్లో కనిపించే మనిషి వేరు. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా, పిల్లలకు సంబంధం చూడాలన్నా ముందుగా అయ్యగారి అనుమతి కావాలి. ఏకాంతంలో ఆయనతో చెప్పుకున్న బాధ వచ్చే ఆదివారం ప్రసంగంలో వినిపిస్తుంది. పేరు చెప్పరు, కానీ అది ఎవరి కథో అందరికీ తెలుస్తుంది. కానుకల లెక్కలు చూపమన్న ఒక పెద్దాయనను వేదిక మీద నుంచే 'కోరహు' అన్నారు, అంటే బైబిల్లో మోషే మీద తిరగబడినవాడు. నెల తిరిగేసరికి ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదనే మాట సంఘమంతా పాకింది. ఆ పెద్దాయన కూతురు ఈమెకు ప్రాణ స్నేహితురాలు. గత నెలలో ఆయన చనిపోతే సమాధి కార్యక్రమానికి వెళ్లవద్దన్నారు. ఈమె వెళ్లలేదు. అప్పటి నుంచి తనకు నిద్ర లేదని రాశారు.

ఇంకొక విషయం ఉంది. దాన్ని ఆమె చివరి పేజీలో చిన్న అక్షరాలతో రాశారు. నీలి అట్ట వేసిన నోటు పుస్తకం ఒకటి ఏడేళ్లుగా ఆమె దగ్గరే ఉంది. స్త్రీల కూడికకు ఆలస్యంగా వచ్చినవారు, రానివారు, 'లోబడని మనసు' చూపినవారు ఎవరో అందులో రాయమని పాస్టరమ్మ గారు చెప్పారు. రానివారి పేర్లు ఎర్ర సిరాతో రాయాలి. అందులో ఇరవై రెండేళ్ల అమ్మాయి పేరు తొమ్మిది సార్లు ఉంది. అయ్యగారు చూసిన సంబంధం వద్దన్నందుకు ఆ అమ్మాయిని పాట మాన్పించారు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. "చివరి వరుసలోకి వెళ్లి కూర్చోమని చెప్పింది నేనే. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, దాన్ని తెరవకుండా, ఆరాధన అయ్యేదాకా అలాగే కూర్చుంది. మూడు వారాల తర్వాత రావడం మానేసింది" అని రాశారు.

నోరు తెరిస్తే ఇంటి మీదికి శాపం వస్తుందని భర్త అంటున్నారు. పదహారేళ్ల కొడుకు మందిరానికి రానంటున్నాడు. అభిషిక్తుణ్ణి, అంటే దేవుడు తన పనికి ఏర్పరచుకున్నవాణ్ణి, ముట్టకూడదన్న వాక్యం రాత్రిపూట చెవుల్లో మోగుతోందట. ఉండాలా, వెళ్లాలా, నిలదీయాలా, అసలు అడిగే అర్హత తనకుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

సహోదరీ,

ఈ పిలుపును మీ దగ్గర ఎంతమంది ఎన్ని విధాలుగా వాడి అరగదీశారో తెలిసే ఇలా పిలుస్తున్నాను.

మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. మిగతా తలుపులన్నిటికీ తాళం అదే. 'నేనభిషేకించినవారిని ముట్టకూడదు' అన్న మాట 105వ కీర్తనలో ఉంది. ఈ రాత్రి ఆ కీర్తనను పన్నెండో వచనం నుంచి మీరే చదవండి. అక్కడ దేవుడు గద్దించింది రాజులను. కాపాడింది కొద్దిమందిగా, పరాయి దేశంలో, ఎవరి అండా లేకుండా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబాలను. బలవంతుల చేతి నుంచి బలహీనులను కాపాడిన మాట అది. మీ సంఘంలో దాన్ని తిరగేశారు. అధికారం ఉన్నవాడి చుట్టూ ప్రహరీ కట్టి, దిక్కులేనివాళ్లను బయట నిలబెట్టారు. ఇక అభిషేకం సంగతి. మీరు పరిశుద్ధుని వలన అభిషేకం పొందినవారని యోహాను తన మొదటి పత్రికలో రాసింది సంఘమంతటికీ. ఆ మాట ప్రకారం చివరి వరుసలో కూర్చున్న ఆ అమ్మాయి కూడా అభిషిక్తురాలే. ఆమెను ముట్టవద్దని ఎవరూ అనలేదు.

తనను చంపజూసిన రాజైనా, అభిషిక్తుడని దావీదు సౌలును చంపలేదు కదా అని మీ వారు అంటారు. నిజమే, చంపలేదు. కానీ ఆ కథను సగంలో ఆపకూడదు. దావీదు సౌలు ఇంట్లో ఉండిపోలేదు, ఈటె గోడకు గుచ్చుకున్నాక పారిపోయాడు. తర్వాత దూరంగా కొండ మీద, మధ్యలో చాలా ఎడం ఉండేలా నిలబడి, సౌలు చేసిన తప్పు సౌలు సైన్యం వినేలా గట్టిగా చెప్పాడు. సౌలు పశ్చాత్తాపపడి, నాయనా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయనన్నాడు. దావీదు వెళ్లలేదు, తన దారిన తాను పోయాడు. చెయ్యి చేసుకోకపోవడం, తప్పును బయటికి చెప్పడం, దూరంగా ఉండటం, ఈ మూడూ ఒకే మనిషి చేశాడు. మీకు మొదటిది మాత్రమే నేర్పారు.

ఇక పాస్టర్ గారి గురించి. మీ మొదటి పేజీ అబద్ధం కాదు. ఆసుపత్రి వరండాలో ఆ రాత్రి ఆయన నిజంగానే కూర్చున్నారు, ఆ మేలును మరచిపోమని నేను అనను. కానీ ఆ రాత్రికి బదులుగా మీ జీవితం మీద ఆయనకు హక్కు వచ్చిందా? ఆప్యాయంగా చేసిన సాయం అప్పుపత్రంగా మారినప్పుడే ఏలుబడి మొదలవుతుంది. ఇది ఒక్క రోజులో జరగదు. మొదట మన నిర్ణయం కోసం ప్రార్థించమని అడుగుతాం. తర్వాత ఆయన అభిప్రాయం అడుగుతాం. కొన్నాళ్లకు అడగకుండా ఏదైనా చేస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అడగనందుకు మందలించే రోజు చివరికి వస్తుంది. అప్పటికి మన గుట్టంతా ఆయన చేతిలో ఉంటుంది, కాబట్టి నోరు మూసుకుంటాం. ఏకాంతంలో చెప్పుకున్న మాట ప్రసంగంలోకి ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుందనుకుంటాను. అది వినేవాళ్లందరికీ ఒక హెచ్చరిక.

ఇది మీ ఒక్క సంఘంలో పుట్టిన జబ్బు కాదు. 1970లలో అమెరికాలో కొందరు పేరున్న బోధకులు ప్రతి విశ్వాసికీ పైన ఒక 'కాపరి' ఉండాలని, పెళ్లి, ఉద్యోగం, ఇల్లు, డబ్బు అన్నీ అతనికి చెప్పే చేయాలని బోధించారు. దానికి కాపరుల ఉద్యమమనే పేరే వచ్చింది. ఎన్నో కుటుంబాలు నలిగిపోయాయి. ఆ బోధకుల్లో ముఖ్యుడైన బాబ్ మమ్‌ఫోర్డ్ 1990 ప్రాంతంలో తమ వల్ల గాయపడినవారిని బహిరంగంగా క్షమాపణ కోరాడు. ఆ బోధ మొదలుపెట్టినవాళ్లలో ఒకరే అది జనాన్ని గాయపరచిందని ఒప్పుకున్నాడు. మీ దగ్గర అదే ఈరోజు దైవ విధిగా చలామణి అవుతోంది.

ఇంకా వెనక్కి వెళ్తే, యోహాను మూడవ పత్రికలో దియొత్రెఫే అనే అతను ఉన్నాడు. సంఘంవారిలో ప్రధానత్వం కోరేవాడని అతని గురించి యోహాను రాశాడు. అతను వచ్చిన సహోదరులను చేర్చుకోడు, చేర్చుకుందామనే వాళ్లను ఆపుతాడు, వాళ్లను సంఘంలో నుంచి వెలివేస్తాడు. లెక్కలడిగిన పెద్దాయనకు, ఆయన ఇంటివాళ్లకు మీ దగ్గర జరిగినది దాదాపు ఇదే. యోహాను ఆ పేరును ఉత్తరంలో రాసి మరీ చెప్పాడు, నేను వచ్చినప్పుడు అతని పనులు జ్ఞాపకం చేస్తానన్నాడు. సంఘంలో జరిగే తప్పును బయటపెడితే దేవుని నామానికి అవమానమని ఆయన అనుకోలేదు.

అయితే కఠినంగా మాట్లాడే ప్రతి కాపరీ నియంత కాడు. నేను పాస్టర్ ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్నగారు నెలనెలా కానుకల లెక్క రాసి మందిరం తలుపుకు అంటించేవారు. ఒకసారి ఒక కుర్రవాడు అంకెలు కూడటంలో తప్పు పట్టి, ఆ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. నాన్నగారు ఆదివారం అందరి ముందు అతనికి కృతజ్ఞత చెప్పారు. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు. "వాడు నన్ను అడగడమేమిటి అనిపించిందమ్మా, ఆ ఆలోచన నాలో నుంచే వచ్చింది" అని అమ్మతో అంటుంటే విన్నాను. ఏలాలన్న కోరిక ఆయనలోనూ ఉంది. తలుపుకు అంటించిన ఆ కాగితమే దానికి అడ్డుకట్ట. అందుకే నేను పాస్టర్ల మంచితనం గురించి కాకుండా, వాళ్ల చుట్టూ ఉన్న అడ్డుకట్టల గురించి అడుగుతాను. కాదు, వద్దు అన్న మనిషికి మీ దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. ఆ అమ్మాయి వద్దంది.

నాయకులకు లోబడమని హెబ్రీ పత్రిక పదమూడో అధ్యాయంలో ఉన్నదీ నిజమే. అయితే మాట వినమని చెప్పే చోట మూల గ్రీకులో ఉన్న క్రియకు ఒప్పించబడటం అనే అర్థం ఉంది. ఒప్పించాలంటే వాక్యం చూపాలి, కారణం చెప్పాలి, వినాలి. భయపెట్టి పొందేదాన్ని ఒప్పుదల అనరు. మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండకండని పేతురు పెద్దలకే రాశాడు. ఆ వాక్యం మీ వేదిక మీద చివరిసారిగా ఎప్పుడు విన్నారో గుర్తు చేసుకోండి.

ఇక ఏం చేయాలన్న దగ్గరికి వస్తాను. మీ పరిస్థితిలో దారులు కొన్ని ఉన్నాయి, ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది.

ఆయనతో నేరుగా మాట్లాడాలని మీకు ఉందని ఉత్తరంలో తెలుస్తోంది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లాలి కదా అని అడిగారు. సహోదరుడు సహోదరుడికి చేసిన తప్పు గురించిన మాట అది. మీ గుట్టంతా చేతిలో పెట్టుకుని, దాన్ని ప్రసంగంలో వాడే మనిషి గదిలోకి ఒంటరిగా వెళ్లమని నేను చెప్పలేను. పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని, పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించాలని పౌలు తిమోతికి రాశాడు. అంటే పెద్దల మీద ఫిర్యాదు ఉండవచ్చని, అది దాపరికంలో తేలిపోకూడదని ఆయన ముందే ఒప్పుకున్నాడు. వెళితే ఇంకొకరితో కలిసి వెళ్లండి. వ్యక్తిత్వం గురించి వాదించకుండా, జరిగిన రెండు మూడు సంగతులు తేదీలతో చెప్పండి. ఏమన్నారో ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి. ఆయన మెత్తబడి ఏడవవచ్చు. సౌలు కూడా ఏడ్చాడు. కన్నీళ్లను కాకుండా తర్వాతి మూడు నెలలను చూడండి: సమాధికి వెళ్లనివ్వని ఆ కుటుంబం గడప ఆయన తొక్కారా, లెక్కలు బయటికి వచ్చాయా, ప్రసంగంలో మీ మాట మళ్లీ వినిపించిందా? ఎక్కువగా జరిగేది మాత్రం వేరు. మీకు తిరుగుబాటు ఆత్మ పట్టిందంటారు, స్త్రీ కాబట్టి బైబిల్లోని దుష్ట రాణి యెజెబెలు పేరు కూడా తేవచ్చు. దానికి సిద్ధపడే వెళ్లండి.

లెక్కల సంగతి పెద్దలందరూ కలిసి అడగడం ఇంకొక దారి. ఇది మీ వారు తలుచుకుంటేనే జరుగుతుంది. కోరహు కథనే వాళ్లు ఎత్తుతారు కాబట్టి అదే అధ్యాయం చూపించండి. కోరహు తిరగబడిన రోజున మోషే ఏమన్నాడు? వారి దగ్గర ఒక్క గాడిదనైనా నేను తీసుకోలేదు, ఎవరికీ హాని చేయలేదు అన్నాడు. లెక్క తేటగా ఉన్నవాడి మాట అది. పౌలు కూడా సంఘాల చందాను ఒక్కడే మోయలేదు. ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగితే, సణగడం పాపమని వాళ్ల నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపిణీయే వాళ్ల చేతికిచ్చారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. పెద్దల్లో ఇద్దరైనా కలిస్తే ఈ దారికి బలం ఉంటుంది. ఒక్కరే అయితే ఆ ఒక్కరే బలవుతారు.

ఏమీ ప్రకటించకుండా, పనుల నుంచి మెల్లగా తప్పుకోవచ్చు. గాయక బృందం ఇంకొకరికి అప్పగించడం, స్త్రీల కూడిక వదలడం, ఆదివారం మాత్రం వెళ్లి రావడం. ఇది మీకు ఊపిరి తీసుకునే సమయం ఇస్తుంది, ఇంట్లో తగాదా కూడా తక్కువ. కానీ దీంట్లో ఎక్కువ కాలం ఉంటే మనసు రెండుగా చీలుతుంది. నచ్చని మాటకు ఆమేన్ అనడం అలవాటైపోతుంది. ఆరు నెలలు మించకుండా గడువు పెట్టుకోండి.

వెళ్లిపోవడం గురించి నిజం చెప్తాను. మొదటి ఆదివారం ఉదయం చాలా భారంగా ఉంటుంది. చేతులకు పనుండదు. పద్నాలుగేళ్ల స్నేహితులు దారిలో తల తిప్పుకుంటారు, వాళ్లలో కొందరు రాత్రి ఏడుస్తారు, మీలాగే. మీ గురించి ఏదో ఒక కథ పుడుతుంది. బైబిలు తెరిస్తే ఆయన గొంతే వినిపిస్తుంది, కొన్ని నెలలు చదవలేకపోవచ్చు. అది దేవుడు మిమ్మల్ని విడిచిన గుర్తు కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాణ్ణి వెలివేశారు. అతణ్ణి వెలివేశారని యేసు విన్నాడు, వెదకి కనుగొన్నాడు. ఆయన కలుసుకున్నది వెలి బయటే.

వెంటనే ఇంకొక సంఘంలో చేరిపోకండి. కొన్ని ఆదివారాలు వెనుక కూర్చుని చూడండి. లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారో, కాపరి తప్పు చేస్తే ఎవరికి చెప్పాలో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, తమను విడిచి వెళ్లినవాళ్ల గురించి అక్కడివాళ్లు ఎలా మాట్లాడతారో వినండి.

మీ ఉత్తరంలో లేదు గానీ, పిల్లలను గానీ స్త్రీలను గానీ శారీరకంగా, లైంగికంగా బాధించిన సంగతి ఏదైనా మీకు తెలిస్తే, ఈ దారులేవీ దానికి వర్తించవు. అది ముందుగా పోలీసులకు చేరాలి.

మీ భర్తతో పాస్టర్ గారి గురించి వాదించకండి. ఆయన చిన్నతనం నుంచి వెతుక్కున్న గౌరవం ఆ పెద్దరికంలో దొరికిందని మీరే రాశారు. మీరు పాస్టర్ గారిని అంటే ఆయనకు తన బతుకునే అన్నట్టు వినిపిస్తుంది. ఆ గుడ్డివాడి తల్లిదండ్రులు కూడా వెలికి భయపడే, వాణ్ణే అడగండని తప్పుకున్నారు. చెడ్డవాళ్లై కాదు. మీకు జరిగింది మాత్రం చెప్పండి: సమాధికి వెళ్లని ఆ రోజు ఇంట్లో ఏ గదిలో కూర్చున్నారో, ఏమనిపించిందో. ఆయన వెంటనే ఒప్పుకోరు. ఆయన ఉండి మీరు వెళ్లే రోజులు కొన్ని రావచ్చు, అది ఇంటికి భారమే, కానీ ఇల్లు దాన్ని తట్టుకోగలదు. పిల్లవాణ్ణి మాత్రం బలవంతంగా తీసుకెళ్లకండి. వాడు చూసింది వాడు చూశాడు. నువ్వు చూసింది నిజమేనని ఒక్కసారి వాడితో చెప్పండి.

చివరగా నీలి నోటు పుస్తకం.

అడిగే అర్హత మీకుందా అన్నారు. ఉంది. అయితే మీ చెయ్యి అందులో లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను, ఆ అబద్ధం కోసం మీరు ఆరు పేజీలు రాయలేదు. ఏలాలన్న కోరిక ఒక్క మనిషిలో ఆగదు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు తలా కొంచెం పంచుతూ పోతుంది. మీకు దొరికిన వాటా ఒక ఎర్ర కలం. అయిదో శతాబ్దంలో అగస్టీన్ అనే బిషప్ రోమా గురించి రాస్తూ, జనాలన్నిటినీ ఏలాలనుకున్న నగరాన్ని ఆ ఏలే కోరికే ఏలిందన్నాడు. ఆ జబ్బును అంత స్పష్టంగా చూసిన మనిషే, తనతో విభేదించిన దోనాతు వర్గం క్రైస్తవులను ప్రభుత్వ బలంతో సంఘంలోకి తేవడాన్ని సమర్థించాడు. బలవంతం చేయమన్న ఒక ఉపమానంలోని మాటను దానికి వాడాడు. ఎదుటివాడిలో గుర్తుపట్టినంత మాత్రాన మనలో నుంచి అది పోదు. మీరు మీలోనే గుర్తుపట్టారు. అందుకే మీ మాటకు విలువ ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఆ పుస్తకంలో ఇక రాయకండి. చించకండి కూడా, అది సాక్ష్యం. పాస్టరమ్మ గారు అడిగితే ఇక ఆ పని చేయనని చెప్పండి, కారణాలు వివరించనక్కరలేదు. మీ మొదటి 'కాదు' అదే కావచ్చు. ఏమవుతుందో చూడండి. ఉండాలా వెళ్లాలా అన్నదానికి అందులోనే చాలా వరకు జవాబు దొరుకుతుంది.

స్నేహితురాలి ఇంటికి ఈ వారమే వెళ్లండి. ఎవరి అనుమతీ అడగకండి. తలుపు తీయకపోయినా మీరు వచ్చినట్టు ఆమెకు తెలుస్తుంది. ఆమె కోపంగా ఉంటే కూర్చుని వినండి. మీకు కూడా వెళ్లవద్దన్నారన్న సంగతి ఆమె అడిగేదాకా చెప్పవద్దు.

ఆ అమ్మాయికి ఉత్తరం రాయండి. చిన్నదిగా, చేత్తో. నిన్ను చివరి వరుసకు పంపింది నేను, నీ పేరు తొమ్మిది సార్లు రాసింది నేను, నువ్వు చేసింది తప్పు కాదు. అంతవరకే. పాస్టర్ గారు చెప్పారు కాబట్టి అన్న మాట అందులో ఉండకూడదు, క్షమించు అన్న ఒత్తిడీ ఉండకూడదు. సంఘానికి తిరిగి రమ్మని అసలే అడగవద్దు. కింద మీ ఫోను నంబరు రాయండి. ఆమె జవాబు ఇవ్వకపోవచ్చు, ఆ కాగితాన్ని చదవకుండా చించేయవచ్చు. అది పూర్తిగా ఆమె ఇష్టం. ఈసారి ఆమె ఏం చేసిందో ఎక్కడా రాయవద్దు.